మగ్గం మోత తగ్గించే చదువు

ఫైనలియర్ ప్రాజెక్టుకు క్లాసులో అందరూ డ్రోన్లన్నారు, రోబోలన్నారు. నేను మా ఇంటి మగ్గం అన్నాను. గైడు సారు కళ్లజోడు తీసి, "మగ్గంలో కొత్తగా డిజైన్ చెయ్యడానికి ఏముందమ్మా?" అని అడిగారు. మోత ఉంది సార్, అన్నాను.

మాది నగరి. ముందు గదిలోనే మరమగ్గం. నాయన నేస్తాడు, అమ్మ పక్కనే కూర్చుని నూలు కండెలు చుడుతుంది. దారం మోసుకుపోయే నాడె ఈ కొస నుంచి ఆ కొసకు దూసుకుపోయి, అక్కడున్న తోలు అడ్డుకు గుద్దుకుని ఆగుతుంది. గుద్దుకున్నప్పుడల్లా టపామంటుంది. పొద్దుగూకేదాకా అదే మోత. నేను తిరుపతిలో ఇంజనీరింగులో చేరిన ఏడే నాయనను అక్కడి చెవి డాక్టరుకు చూపించాం. పోయిన వినికిడి తిరిగి రాదు, మోతకు దూరంగా ఉంటే మిగిలిందన్నా నిలుస్తుంది, అన్నాడాయన. మగ్గం నేసే మనిషికి చెప్పే మాటేనా అది? ఒళ్లు మండింది. నాయన మోతకు దూరం పోలేడు కాబట్టి మోతనే తగ్గించాలనుకున్నాను. నా ప్రాజెక్టు అలా పుట్టింది.

తోలు తీసి రబ్బరు పెడితే సరిపోతుందనుకున్నాను. మెటీరియల్స్ క్లాసులో అంతా నున్నగానే ఉంటుంది. మెత్తని రబ్బరు దెబ్బను మింగుతుంది, కానీ వేడెక్కి చిరిగిపోతుంది. గట్టిది చిరగదు, కానీ తోలుకు ఏమాత్రం తీసిపోకుండా మోగుతుంది. అన్ని సుగుణాలూ ఉన్న పదార్థం, మా పిన్ని చెప్పే పెళ్లి సంబంధాల్లాగా, మాటల్లోనే ఉంటుంది. రేణిగుంట దారిలో రబ్బరు అచ్చులు పోసే షెడ్డుకు పోవడం, ముక్కను ల్యాబులో పరీక్షించడం, పుత్తూరు మీదుగా బస్సులో ఇంటికి రావడం, బిగించడం, అది పాడవుతుంటే చూస్తూ కూర్చోవడం, మళ్లీ బస్సు. ల్యాబులో మెషిను బాగుంటే అసిస్టెంటు ఉండడు, ఆయన ఉంటే కరెంటు ఉండదు. బస్సులో గుండు చేయించుకున్న భక్తులు నా భుజం మీద కునుకు తీసేవాళ్లు. వాళ్లు దిగిపోతే నేను కిటికీ కమ్మీకి తల ఆనించి నిద్రపోయేదాన్ని. నా బ్యాగు, నా పుస్తకాలు, నా టిఫిన్ డబ్బా, అన్నీ రబ్బరు కంపే. చదువంటే నాకిప్పటికీ ఆ వాసనే గుర్తొస్తుంది.

ఒకసారి ముక్క చిరిగి, నాడె దారి తప్పి, పడుగు దారాలు బోలెడు తెగిపోయాయి. నాయన మగ్గం ఆపి, వంగి కూర్చుని, పోగు పోగూ అతికాడు. తిట్టినా బాగుండేది. ఆ రోజు ప్రాజెక్టు మానేద్దామని నిజంగానే అనుకున్నాను.

చివరికి ఒక ముక్క నిలిచింది. మరీ మెత్తనా కాదు, మరీ గట్టీ కాదు. ఫోనులో చప్పుడు కొలిచే యాప్ పెడితే అంకె కిందికి దిగింది. సంగీత కచేరీ ఏమీ అయిపోలేదు గానీ, అమ్మ కండె చుడుతూ తలెత్తి నవ్వింది. నేను నాయన ముందుకు పోయి, "ఎట్లుండాది నాయనా?" అని అరిచాను.

"బలే తగ్గినాది మా! నీ సదువు ఊరికే పోలేదు," అన్నాడు.

అన్నాళ్ల అలసటా ఒక్కసారిగా దిగిపోయినట్టు అనిపించింది. ఇక ఆయనకు మిగిలింది మిగిలే ఉంటుందని సంతోషపడ్డాను.

వైవాకు ఆ ముక్కను తెచ్చి చూపించమన్నారు సారు. ముందురోజు సాయంత్రం, నాయన టీ తాగడానికి పోయినప్పుడు, రబ్బరు విప్పి బ్యాగులో వేసుకున్నాను. పొద్దున పని ఆగకూడదని పాత తోలు అడ్డునే మళ్లీ బిగించాను. అమ్మ చూస్తూనే ఉంది. నాయనకు చెప్పేంత విషయమనిపించలేదు.

పొద్దున మగ్గం మొదలైంది. గోడలదిరే పాత మోతే. నేను బ్యాగు తగిలించుకుని గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నాను. నాయన నన్ను చేత్తో పిలిచి, మొహమంతా నవ్వుతో గట్టిగా చెప్పాడు: "ఈ పొద్దు ఇంకా తగ్గిపోయిండాది మా. నీ రబ్బరు బాగా కుదురుకునిండాది. మీ సార్లకు సెప్పు."

అమ్మ చెయ్యి కండె మీద ఆగిపోయింది. నేను తలూపి బయటికొచ్చేశాను.

బస్సులో ఏడుపు కూడా రాలేదు. అంత అలసిపోయాను. మొదటి రోజు కూడా ఆయన నా మొహం చూసే ఆ మాట అన్నాడని అర్థమైంది. నేను కాపాడాలనుకున్నది ఎప్పుడో పోయింది, బహుశా నేను రబ్బరు ముక్కలు మోస్తూ తిరిగే రోజుల్లోనే. ఆయన చెప్పలేదు. మేమూ కనిపెట్టలేదు.

వైవాలో బయటి కాలేజీ నుంచి వచ్చిన సారు ముక్కను వేళ్లతో నొక్కి చూసి, "వాడే మనిషి ఏమన్నాడు?" అని అడిగారు.

"బాగా తగ్గిందన్నారు సార్."

ఆయన సంతోషంగా రాసుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి మగ్గం ఆగి ఉంది, నాయన ఇంట్లో లేడు. నేను వంగి కూర్చుని రబ్బరు ముక్కను మళ్లీ బిగిస్తుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"నా సెవులన్నా మిగుల్తాయా పాపా?" అని అడిగింది.

నా రిపోర్టులో ఉన్నది చప్పుడు అంకె ఒక్కటే. "మిగుల్తాయి మా," అన్నాను.