బతికున్న పాటగాడికి జ్ఞాపకార్థ కూడిక

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషులో తడుముకోకుండా వచ్చిన వాక్యాలు పది. అందులో తొమ్మిది ఇంజక్షన్ గురించే. పదేళ్ల కిందటి మాట. ఒమాన్‌లోని ఇబ్రిలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేరి మూడో నెల. ప్రొబేషన్ కాగితం మీద మేట్రన్ సంతకం పడితే ఉద్యోగం, పడకపోతే భీమవరం. (భీమవరం మంచి ఊరే. కాకపోతే నాది ఫారిన్ ఉద్యోగమని మా అమ్మ అప్పటికే వాడంతా చెప్పుకుంది.) మేట్రన్‌ది మనీలా. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు లేరు. నెలనెలా స్టాఫ్ మీటింగులో ఓ కొత్త నర్సు చేత ఐదు నిమిషాలు మాట్లాడించేది. నా వంతు వచ్చింది.

"ఆవిడ గదిలో ఎప్పుడూ ఆ పాతకాలపు అమెరికా పాటగాడే కదే మోగేది! ఆయన జీవితం చెప్పెయ్. సంతకం దానంతటదే పడుద్ది," అంది నాతోపాటు పనిచేసే మా రూమ్ అక్క. నెట్‌లో వెతికి బట్టీ పట్టాను. పేదింట పుట్టుక, బార్లలో పాటలు, పేరు, మూడు పెళ్లిళ్లు, ఎవరూ పిలవని పదేళ్లు, ముసలితనంలో మళ్లీ జనం.

చిక్కేమిటంటే, అంతకుముందు నేను నలుగురిలో నిలబడి మాట్లాడింది మా చర్చివాళ్ల జ్ఞాపకార్థ కూడికల్లోనే. గొంతు బాగుంటుందని, పోయినవారి జీవిత చరిత్ర నా చేతే చదివించేవారు. జీవిత చరిత్ర అన్నాక చివర మనిషి పోవలసిందే కదా! ముసలితనం దాకా బాగానే లాక్కొచ్చాను. ఆపైన నోరు అలవాటు చొప్పున తన దారిన తాను పోయింది. "హి స్లెప్ట్ ఇన్ ద లార్డ్" అని తల వంచాను, ప్రభువునందు నిద్రించారని నా భావం. వెనక వరసలో మా తెలుగు నర్సులు "ఆమెన్" అన్నారు.

మేట్రన్ లేచి నిలబడింది. "ఎప్పుడు?"

"ప్రశాంతంగా, మేడమ్," అన్నాను. (కంగారులో అదే వచ్చింది.)

ఆవిడ భోరున ఏడ్చింది. అందరం లేచి మౌనం పాటించాం. నిమిషం పూర్తి కాకుండానే అక్క ఫోన్ చూసి నా చెవిలో, "ఒసేయ్, ఆయన బతికే ఉన్నాడే! వచ్చే నెల ప్రోగ్రామ్ కూడా ఉందంట!" అంది. మేట్రన్ కూడా ఆ ఫోన్ అందుకుని చూసింది.

మర్నాడు పిలిపించింది. భీమవరం నా కళ్ల ముందే ఉంది.

"మా ఆయన మనీలాలో పోయినప్పుడు నేనిక్కడ డ్యూటీలో ఉన్నాను," అంది మెల్లగా. "నేను వినేలా ఆయన గురించి ఐదు నిమిషాలు నిలబడి చెప్పినవాళ్లు లేరు. నిన్న ఏడ్చింది ఆ పాటగాడి కోసం కాదులే." సంతకం పెట్టి కాగితం నా వైపు జరిపింది.

ఇప్పుడు మస్కట్‌లో కొత్త నర్సులకు నేనే పాఠాలు చెబుతున్నాను. ప్రతి ముక్కా రెండుసార్లు సరిచూసుకుంటాను. ఒక్క తప్పూ దొర్లదు, ఒక్కరికీ కన్ను చెమ్మగిల్లదు. బతికున్నవాణ్ణి నిద్రపుచ్చిన ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయగానూ ఉంటుంది.