మినిట్సమ్మ తప్పులు

ఆమె ఆ తప్పులు తెలిసి చేసేదా, తెలియక చేసేదా?

గొడుగుల ఫ్యాక్టరీలో కార్మికుల వ్యవహారాలు చూసే పర్సనల్ ఆఫీసరుగా చేసి రిటైరైన పెద్దమనిషికి ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. ఒకసారి ఉండబట్టలేక ఆమె ఇంటికే వెళ్ళి అడిగాడు. "ఏ తప్పులు బాబూ?" అంది ఆమె, రెండు కప్పుల కాఫీ తెచ్చి పెడుతూ. చక్కెర జబ్బున్న భర్తకు తియ్యటి కాఫీ, వచ్చిన అతిథికి చప్పటి కాఫీ. భర్త రోజూ చేసే పనిలాగా రెండు కప్పులూ అటూ ఇటూ మార్చి, చప్పటిది తాగాడు. ఆఫీసరు ఎలా వెళ్ళాడో అలాగే తిరిగొచ్చాడు.

ఫ్యాక్టరీలో ఆమెను అందరూ మినిట్సమ్మ అనేవారు. యాజమాన్యం ఒక పక్క, యూనియన్ ఒక పక్క కూర్చుని మాట్లాడుకునే ప్రతి సమావేశంలో బల్ల చివర ఆమె కుర్చీ ఉండేది. ఎవరేమన్నారో రాసుకోవాలి, చివర్లో చదివి వినిపించాలి, ఇద్దరూ ఒప్పుకున్నాక సంతకాలు పెట్టించాలి. ఆ రాతనే మినిట్సు అంటారు. ఇరవై ఏడేళ్ళు అదే కుర్చీ, అదే పని.

పంతొమ్మిదో ఏట గొడుగులకు పట్టీలు కుట్టడానికి చేరిన మనిషి. సాయంత్రాలు షార్ట్‌హ్యాండ్ నేర్చుకుంటుంటే, సగం పాఠాలయ్యాక మాస్టారు ఊరు మారిపోయాడు. మిగతా సగం తనే కల్పించుకుంది. అందుకే ఆమె నోటుబుక్కు చూసినవాళ్ళకు కోడి కెలికిన మట్టి గుర్తొచ్చేది. ఆ గీతలు చదవగలిగిన ప్రాణి లోకంలో ఆమె ఒక్కతే. భర్త దర్జీ. "మా ఆవిడ నన్ను తిట్టుకుంటూ రాసినా నాకు తెలియదు, అందుకే మా సంసారం సాఫీగా సాగింది" అనేవాడు.

ఆ గీతల్ని చదివేటప్పుడే వచ్చేది తంటా. మాటలు అక్షరం పొల్లుపోయేవి కావు. ఎవరన్నారన్నది మాత్రం తారుమారయ్యేది. అటువాళ్ళ మాట ఇటువాళ్ళకు, ఇటువాళ్ళ మాట అటువాళ్ళకు అంటగట్టేది. "అయ్యో, పొరపాటు" అని దిద్దుకుని, తర్వాతి సమావేశంలో మళ్ళీ అదే చేసేది. మతిమరుపు మనిషి అనుకుందామంటే, నూట నలభై మందిలో ఎవరి పిల్లకు ఎప్పుడు పరీక్షలో, ఎవరికి ఏ తేదీన సెలవు కావాలో కాగితం చూడకుండా చెప్పేది. గట్టి మనిషే అనుకుందామంటే, ఒకరోజు కుడికాలికి నల్లచెప్పు, ఎడమకాలికి గోధుమరంగు చెప్పు వేసుకొచ్చి సాయంత్రం దాకా చూసుకోలేదు.

పర్సనల్ ఆఫీసరు అక్కడ చేరేనాటికి ముప్పై నాలుగేళ్ళవాడు. మనుషుల చేత పని చేయించడం ఎలా, చర్చల్లో నెగ్గడం ఎలా అని నాలుగు లావుపాటి పుస్తకాలు చదివి వచ్చాడు. ఆరు నెలల పరీక్షా కాలం. ఆ ఆరు నెలలూ అతని ఇంట్లో పటాలు, గడియారం, అద్దం గోడకు ఆనించి నేలమీదే ఉన్నాయి. ఉద్యోగం ఖాయమైతే తప్ప అద్దె ఇంటి గోడకు మేకు కొట్టనని భార్య పంతం. తల దువ్వుకోవాలంటే అద్దం ముందు నేలమీద కూర్చోవాలి. రోజూ సాయంత్రం తలుపు తీస్తూ ఆమె అడిగేది ఒకటే: "ఏమండీ, మేకులు కొట్టొచ్చా?"

"ఇంకా లేదు."

"పోనీలెండి, మోకాళ్ళకి వ్యాయామం."

ఆరో నెలలో వచ్చింది టీ గొడవ. మధ్యాహ్నం మూడున్నరకు బెల్లు మోగితే ఫ్యాక్టరీ అంతా పది నిమిషాలు ఆగేది. గుడ్డ కోసేవాళ్ళు, కుట్టేవాళ్ళు, కమ్మీలు బిగించేవాళ్ళు, పెట్టెల్లో సర్దేవాళ్ళు, ఆఖరికి గేటు దగ్గర కాపలా మనిషితో సహా అందరూ వెనక రేకుల షెడ్డులో పొడవాటి బెంచీల మీద కూర్చుని టీ తాగేవారు. కొత్త మేనేజరుకు యంత్రాలు ఆగడం నచ్చలేదు. నాలుగు జట్లుగా విడిపోయి, ఒక జట్టు తర్వాత ఇంకో జట్టు వెళ్ళి తాగి రమ్మన్నాడు. కార్మికులు కుదరదన్నారు. చిన్న మాట చిలికి చిలికి గాలివానైంది. సోమవారం నుంచి సమ్మె అని నోటీసు వచ్చింది.

మేనేజరు పర్సనల్ ఆఫీసరును గదిలోకి పిలిచాడు. "శనివారానికి ఒప్పందం మీద సంతకాలు పడాలి. పడ్డాయా, మీ ఉద్యోగం ఖాయం. పడలేదా, మీ పెట్టె మీరు సర్దుకోవచ్చు."

సర్దేందుకు పెట్టె విప్పితే కదా, అనుకున్నాడు ఆఫీసరు.

నాలుగు సమావేశాలు జరిగాయి. యూనియన్ అధ్యక్షుడు కమ్మీలు బిగించే పనివాడు. గొంతు పెద్దది కాబట్టి అతన్ని ఉరుము అనేవారు. మేనేజరు గొంతు చిన్నదే కానీ మాటకు పదునెక్కువ. మధ్యలో ఆఫీసరు తన పుస్తకాల్లోని సూత్రాలన్నీ ఒక్కొక్కటిగా వాడి చూశాడు. ఒక్కటీ పారలేదు. అడకత్తెరలో పోకచెక్కలా నలగడం మాత్రం ఏ పుస్తకం సాయమూ లేకుండానే వచ్చింది.

శనివారం వచ్చింది. మినిట్సమ్మ ఉద్యోగానికి కూడా అదే చివరి రోజు. నాలుగింటికి షెడ్డులో వీడ్కోలు సభ పెట్టాలనుకున్నారు. గోడగడియారం బహుమతిగా కొన్నారు. రెండింటికి ఆఖరి సమావేశం మొదలైంది.

"పది నిమిషాలు కలిసి కూర్చోకపోతే ప్రాణాలేం పోవు" అన్నాడు మేనేజరు. "ఇది ఫ్యాక్టరీ, అత్తారిల్లు కాదు, కబుర్లు చెప్పుకోవడానికి."

"మీతో మాట్లాడేకంటే గోడతో మాట్లాడటం నయం" అన్నాడు ఉరుము. "గోడ కనీసం గడియారం చూడదు. మనుషుల మొహాలు చూడటం మీకు చేతకాదు."

మేనేజరు కుర్చీ వెనక్కి జరిపాడు. ఉరుము లేచి నిలబడ్డాడు. ఆఫీసరుకు కళ్ళముందు నేలమీది అద్దం కనిపించింది.

"కూర్చోండి తమ్ముడూ" అంది మినిట్సమ్మ, కళ్ళజోడు సర్దుకుంటూ. "లేచి వెళ్ళిపోయినా మినిట్సు వినే వెళ్ళాలి. రూలు."

ఇద్దరూ గుర్రుమంటూ కూర్చున్నారు. ఆమె నోటుబుక్కు తెరిచి, పాఠం అప్పజెప్పే గొంతుతో చదివింది.

"యూనియన్ అధ్యక్షులు: పది నిమిషాలు కలిసి కూర్చోకపోతే ప్రాణాలేం పోవు. ఇది ఫ్యాక్టరీ, అత్తారిల్లు కాదు, కబుర్లు చెప్పుకోవడానికి."

"అక్కా" అన్నాడు ఉరుము నీరసంగా. "నేనెందుకంటానక్కా ఆ మాట?"

"మేనేజరు గారు: మీతో మాట్లాడేకంటే గోడతో మాట్లాడటం నయం. గోడ కనీసం గడియారం చూడదు. మనుషుల మొహాలు చూడటం మీకు చేతకాదు."

మేనేజరు మొహం ఎర్రబడింది. "ఇంత మర్యాద లేని మాట నేనా అన్నది? వయసులో నాకంటే పెద్దాయన. ఆయన్ని పట్టుకుని అలా అంటానా నేను?"

ఉరుము బల్లమీది గీతను గోటితో గీకాడు. ఆ గొంతు అంత చిన్నగా పలకడం ఎవరూ అంతకుముందు వినలేదు.

"ఆ మాట నాదేనండి. కోపంలో వచ్చేసింది."

"ఓహో" అన్నాడు మేనేజరు. "మరి ఆ అత్తారిల్లు మాట?"

"అది తమరిదేనండి."

"వినడానికి బాగాలేదు."

"అనేటప్పుడు కూడా అంత బాగాలేదండి" అన్నాడు ఉరుము. ఎవరో కిసుక్కుమన్నారు. చూస్తే మేనేజరే.

"అయ్యో, పొరపాటు" అంది మినిట్సమ్మ. "ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే నా చెయ్యి ఏం చేస్తుంది బాబూ? పోనీ, మొదటి సమావేశం మినిట్సు కూడా ఒకసారి చదివేస్తాను, అవైనా సరిగ్గా ఉన్నాయో లేదో." పేజీలు వెనక్కి తిప్పింది. "మేనేజరు గారు: కమ్మీ ఎక్కడ గుచ్చుకుని గుడ్డ చిరుగుతోందో బిగించేవాడు కుట్టేవాడికి చెప్పేది ఆ టీ దగ్గరే. జట్లు జట్లుగా పంపితే ఆ మాట అందదు. చిరిగి తిరిగొచ్చే గొడుగులు పెరుగుతాయి."

మేనేజరు కాదనబోయి ఆగాడు. "ఇది... ఎవరన్నారు?"

"నేనేనండి" అన్నాడు ఉరుము. "అప్పుడు తమరు గడియారం చూస్తున్నారు."

"నా పేరుమీద వింటే తెలివైన మాటలాగే ఉంది" అన్నాడు మేనేజరు, గడ్డం రుద్దుకుంటూ.

"యూనియన్ అధ్యక్షులు" అని చదివింది మినిట్సమ్మ, "వానాకాలపు ఆరు వారాలే మనకు తిండి పెట్టేవి. ఆ ఆరు వారాలూ సరుకు ఆలస్యమైతే కొనేవాళ్ళు ఇంకో గడప తొక్కుతారు. అప్పుడు యంత్రాలు ఆపమని ఎవరూ అడగక్కర్లేదు, అవే ఆగుతాయి."

"అది నా మాట కాదక్కా" అన్నాడు ఉరుము. తల గోక్కున్నాడు. "కానీ అబద్ధం కూడా కాదు."

పర్సనల్ ఆఫీసరు అప్పుడు చేసిన పని ఒక్కటే, తెల్లకాగితం ముందుకు లాక్కోవడం. ఇరవై నిమిషాల్లో ఒప్పందం తయారైంది. ఏడాది పొడుగునా మూడున్నరకు ఫ్యాక్టరీ అంతా కలిసే ఆగుతుంది, కలిసే టీ తాగుతుంది. వానాకాలపు ఆరు వారాలు మాత్రం పొద్దున్న బెల్లు పది నిమిషాలు ముందు మోగుతుంది. మేనేజరు సంతకం పెట్టాడు. ఉరుము కలం అందుకున్నాడు. "ఈసారి చోటు చూసుకుని పెట్టండి, లేకపోతే అక్క తారుమారు చేస్తుంది" అన్నాడు మేనేజరు, ఉరుము భుజం తట్టి. ఇద్దరూ గుమ్మం దాటేటప్పుడు నువ్వు ముందంటే నువ్వు ముందనుకుని కాసేపు అక్కడే నిలబడిపోయారు.

ఆఫీసరు ఇంటికి ఫోన్ చేశాడు. "మేకులు కొట్టు."

అవతల నుంచి జవాబుగా టక్ టక్‌మని సుత్తి చప్పుడు వినిపించింది. ఆవిడ సుత్తి చేతికందేలాగే పెట్టుకుందన్నమాట.

మూడున్నరకు బెల్లు మోగింది. యంత్రాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. షెడ్డులోంచి నవ్వులు, కప్పుల చప్పుడు. ఆఫీసరు ఒక కప్పు తను పట్టుకుని, రెండోది మినిట్సమ్మ కోసం పట్టుకుని వెతికాడు. ఉరుము పక్కన లేదు. కుట్టేవాళ్ళ బెంచీ మీద లేదు. ఆమె గదిలోకి వెళ్ళాడు. బల్ల తుడిచి ఉంది. ఇరవై ఏడేళ్ళ నోటుబుక్కులు తాడుతో కట్టి, పైన 'పర్సనల్ ఆఫీసరు గారికి' అని చీటీ పెట్టి ఉన్నాయి. ఆత్రంగా పైది తెరిచాడు. పేజీల నిండా కోడి గీతలే. ఏ గీత మేనేజరో, ఏ గీత ఉరుమో, రాతలో సరిగ్గా ఉండి చదవడంలో మార్చిందో, రాతలోనే తప్పిందో, ఆ గీతలు చెప్పవు.

కప్పులు తొణుకుతుండగా గేటు దగ్గరికి నడిచాడు. కాపలా మనిషి స్టూలు మీద లేడు. వెనక్కి వెళ్ళి షెడ్డులో పట్టుకున్నాడు అతన్ని.

"మినిట్సమ్మ బయటికి వెళ్ళడం చూశావా?"

"లేదండి" అన్నాడతను, టీ ఊదుకుంటూ. "బెల్లు మోగింది కదండీ. అందరూ కలిసి అని ఇందాకే సంతకాలయ్యాయట."

ఆఫీసరు మళ్ళీ గేటు దగ్గరికి వచ్చి, స్టూలు మీదున్న రిజిస్టరు తిప్పాడు. చివరి వరుసలో ఆమె సంతకం, ఎదురుగా సమయం: మూడు ముప్పై నాలుగు. సిరా ఇంకా ఆరలేదు. 'వెళ్ళిన వేళ' అన్న గడి ఖాళీగా ఉంది. ఆ సమయాన్ని ఆమె 'వచ్చిన వేళ' అన్న గడిలో రాసింది.

తలెత్తి చూశాడు. వీధి చివర మలుపులో, ఎండలో, ఒక నల్లగొడుగు ఎవరివైపూ తిరక్కుండా నింపాదిగా వెళ్ళిపోతోంది.