వాయిదా పడిన మంతు కేసు

ఖలందర్ భాయ్‌కి ఉన్నది ఒకటే జబ్బు. సౌదీలోని ఈ తాయిఫ్‌లో ఏ కొట్టు మంతు గొప్పదో తేల్చాలి. మంతు అంటే పల్చటి పిండిరేకులో ఖీమా, ఉల్లిపాయలు కూరి ఆవిరి మీద ఉడికించేది, మన కుడుముకి దూరపు చుట్టం. నీళ్ల ట్యాంకరు నడుపుకునే ఈ రాయచోటి మనిషికి దాంతో ఏం పనో మా క్యాంపులో ఎవరికీ అంతుపట్టలేదు.

శుక్రవారం నమాజు కాగానే కోర్టు మొదలు. ఒక కొట్లో తింటూ ఇంకో కొట్టుని పొగిడేవాడు. "ఇదేం మంతబ్బా! తోలు చూడు, ట్యాంకరు టైరు మాదిరుండాది. హవియాలో బుఖారీ సాయిబు చేసేది మంతంటే!" మరుసటి వారం హవియాలో అదే నోటితో, "ఎర్రగడ్డలు తప్ప ఖీమా యాడుంది? బజారులోదే మేలు." బుఖారీ ముసలాయన ఒకసారి గరిటె కూడా ఎత్తాడు. కొత్తగా పెట్టిన చైనా హోటల్లో ఆవిరి బన్నును సైతం ముద్దాయిగా చేర్చాడు. "తియ్యటి బన్నులో చికెన్ పెట్టినాడు. వీనికి పెండ్లికీ చావుకీ తేడా తెల్దు."

అయితే తీర్పు తాను చెప్పడు. దానికో జడ్జిని వెంట తీసుకెళ్తాడు. ఆ జడ్జిల ఎంపిక చూస్తే నాకు ఒళ్లు మండేది. పెయింటర్ తబ్రేజ్‌ని తీసుకెళ్తే, వాడు ప్లేటు ఖాళీ చేసి "అన్నీ బాగున్నాయి భాయ్" అన్నాడట. "నీకు నాలుకే లేదురా! ఇంకో ప్లేటు తిని సరిగ్గా చెప్పు" అని భాయ్ కేకలేసి, ఆ తర్వాత కేసును వచ్చే శుక్రవారానికి వాయిదా వేశాడు.

"గీ తిండిబోతులకు రుచేం తెలుస్తది భాయ్? నన్ను తోల్కపో" అన్నాను. మా నిజామాబాద్ వైపు పెళ్లిళ్లలో మటన్‌కి ఉప్పు చూసేది నేనే మరి.

"నీకింకా టైము రాలేదు లింబాద్రీ" అన్నాడు.

వచ్చింది. మా ఏసీల కంపెనీకి కాంట్రాక్టు పోయింది. జీతం అడిగితే మేనేజరు "బుక్రా" అనేవాడు. రేపు అని అర్థం, ఆ రేపు ఎన్నడూ రాలేదు. ముందు మెస్ మూశారు, తర్వాత ఫోన్లు ఎత్తడం మానేశారు. మమ్మల్ని ఇలా ఎండబెట్టిన పెద్దమనుషులు చల్లటి గదుల్లో హాయిగా నిద్రపోతున్నారు. ఆ గదులకు ఏసీలు బిగించింది మేమే. ఊళ్లో సునీతకు ఫోన్లో "మటన్ తిన్న" అని చెప్పి, ఎండిన ఖుబుస్ రొట్టె చాయ్‌లో ముంచుకునేవాణ్ని. గదిలో ఎవరైనా అడిగితే కడుపు బాగాలేదనేవాణ్ని.

ఆ శుక్రవారం ఖలందర్ భాయ్ గుమ్మంలో నిలబడ్డాడు. "లెయ్యబ్బా, జడ్జి కావాల."

"కడుపుల మంచిగ లేదు భాయ్."

"నీ కడుపుతో ఏం పని? నాలుక పట్టుకుని రా."

బజారు కొట్లో మొదటి ప్లేటు ఎటు పోయిందో నాకే తెలియదు. ఆకలి రుచి ఎరుగదని ఊరికే అనలేదు.

"ఎట్లుంది?"

"మంచిగుంది."

"తోలు?"

"అదీ మంచిగనే ఉంది."

"థూ! నువ్వూ అంతేనా! ఇంకో ప్లేటు తే!"

రెండో ప్లేటు వచ్చాక గానీ నా బుర్ర వెలగలేదు. ఈ కోర్టులో కూర్చున్న జడ్జిలందరూ జీతం ఆగినవాళ్లో, ఇకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి కార్డు, గడువు దాటి దాక్కున్నవాళ్లో. ఊరికే పెడతానంటే వాళ్లలో ఒక్కడూ చెయ్యి చాపడు. తీర్పు చెప్పమంటే దర్జాగా తింటాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నేరం మిరపకాయ పచ్చడి మీదికి నెట్టాను.

కేసు వాయిదా పడింది. మళ్లీ మళ్లీ పడింది. కంపెనీ వాయిదాలకు ఎండిన డొక్క భాయ్ వాయిదాలకు నిండింది.

చివరికి ఒక హోటల్లో పని దొరికి, నా వీసాకు పూచీ ఉండే కఫీల్ మారాడు. జీతం అందిన శుక్రవారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ట్యాంకరు దగ్గరికి వెళ్లాను. "భాయ్, ఇయ్యాల తీర్పు చెప్త. బజారుదే ఫస్టు. పా, ఇయ్యాల నేను తినిపిస్త."

భాయ్ ముఖం ముడుచుకుంది. క్యాబిన్‌లో అప్పటికే ఒక బక్క మనిషి తల వంచుకుని కూర్చున్నాడు.

"నిన్నెవురడిగినారబ్బా తీర్పు? నీదిప్పుడు కడుపు నిండిన బేరం. పో!"

ట్యాంకరు కదిలింది. భాయ్ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "బుఖారీ సాయిబుకు ఫోన్ చేసి చెప్పు, ఈ పొద్దు రెండు ప్లేట్లు ఎక్కువ పెట్టమని. కొత్త జడ్జికి ఇంకా నాలుక రాలేదు!"