పసుపు కుంకుమల తుపాకీ

మా మేనమామ పోయారని మొన్న పొద్దున కాజీపేట నుంచి కబురు వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు కోపమే వచ్చింది. దవాఖానకు పోదామంటే "నా పానం సంగతి నాకెర్కలేదా?" అని మొండికేసిన మనిషి ఆయన. ఎవరి మాటా వినకుండా బతికారు, అట్లాగే పోయారు.

నేను ఎనభైల మొదట్లో ఆయన ఇంట్లో ఉండి కాలేజీకి వెళ్లాను. మామ రైల్వేలో ఫిట్టరు. ఇంట్లో చెడిపోయిన వస్తువునే కాదు, బాగున్నదాన్ని కూడా విప్పి చూసేవారు. అత్తమ్మ కుట్టుమిషను, గోడ గడియారం, చివరికి పక్కింటివాళ్ల రేడియో.

"ఇప్పితేనే దాని మనసు తెలుస్తది బిడ్డా" అనేవారు.

"నా మనసెప్పుడన్న ఇప్పి సూసినవా?" అని అత్తమ్మ వంటింట్లోంచి అరిచేది.

ఆయన విప్పనిది ఒక్క తుపాకీనే. అది ఆయన తండ్రిది. ఏటూరునాగారం దిక్కు ఊళ్లో మక్కచేను మీద పడే అడవిపందుల కోసం ఆ పెద్దాయన కొన్న రెండు గొట్టాల పాత తుపాకీ. తండ్రి పోయాక మామకు వచ్చింది. ఆయన దాన్ని ఒక్కసారీ పేల్చలేదు, తెరిచీ చూడలేదు. దసరాకు మాత్రం కిందికి దించి, ఆముదం పట్టించి, పసుపు పూసి, సందు కనిపించిన చోటల్లా కుంకుమబొట్టు పెట్టి, దండం పెట్టుకుని, మళ్లీ తన పిల్లలు పడుకునే గదిలో మేకుకు తగిలించేవారు. ఇంత బొట్టు ఎందుకు మామా అంటే, ఆయుధానికి బొట్టు లేకుంటే ఎట్లా అని నా మీదే ఎగిరేవారు.

ఒక ఏడు లైసెన్సు రెన్యువల్‌కు తుపాకీ తెచ్చి, తెరిచి చూపించమన్నారు ఠాణాలో. పైనున్న మీటను పక్కకు తిప్పితే గొట్టాలు కిందికి వంగి తెరుచుకోవాలి. ఇంట్లో ముందుగా తెరిచి చూద్దామంటే మీట కదిలితే కదా! ఏళ్ల ఆముదం, పసుపు, కుంకుమ కలిసి లోపల లక్కలా గట్టిపడ్డాయి.

"దేవునికి పెట్టినట్టు పెడితివి, దేవుని లెక్కనే ఉలకకుండ కూసున్నది" అంది అత్తమ్మ. తర్వాత ఉన్నట్టుండి అడిగింది. "ఇంతకూ దాంట్ల తూటా ఉన్నదా?"

"ఖాళీగున్నది. నింపిన తుపాకి ఇంట్ల పెట్టే మనిషా మా నాయిన?"

"నువ్వు సూసినవా?"

"సూసుడెందుకు? ఒట్టు!"

తుపాకులు బాగుచేసేవాళ్ల దగ్గరికి పోదామన్నాను. "ఇంజన్లు ఇప్పినోన్ని, గిదెంత?" అన్నారు. అని ఊరుకోక మమ్మల్నందరినీ వాకిట్లోకి తోలి, ఎవరూ లోపలికి రావద్దని గొళ్లెం పెట్టుకున్నారు. ఇక లోపలి నుంచి హుకుంలు మొదలయ్యాయి. కిరసనాయిలు పెట్టు, చీపురు పుల్లలు పెట్టు, పాతగుడ్డ పెట్టు, గడప దగ్గర పెట్టి ఉరుకు. కోటా కిరసనాయిలంతా ఆ తుపాకీయే తాగింది. వాకిట్లోకి తెచ్చుకున్న కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం సగంలో ఆగిపోయింది.

"ఖాళీగుంటే మమ్ముల ఎందుకు ఎల్లగొట్టినవయ్యా?" అత్తమ్మ తలుపు బాదింది.

"జర గాలి ఆడాలె గదనే!"

కిటికీలు కూడా మూసుకున్న మనిషి ఇచ్చిన జవాబది. నాకు ఒళ్లు మండిపోయింది. స్క్రూలు ఊడుతున్న చప్పుడు, గీకుతున్న చప్పుడు, మధ్యమధ్య ఆయన తిట్లు. ఆకలికి పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. చివరికి టక్కుమని ఒక చప్పుడైంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

గొళ్లెం తీసి మామ బయటికి వచ్చారు. అరచేతిలో చిలుము పట్టి పచ్చబడిన తూటా ఉంది.

"నాయిన మర్చిపోయిండు" అన్నారు, వినపడీ వినపడనట్టు.

ఒట్టు పెట్టినప్పుడే ఆయనకు అనుమానం ఉందని నాకు అప్పుడు అర్థమైంది. మా అందరినీ బయటికి తోలి, ఆ అనుమానం ముందు ఒక్కరే కూర్చున్నారు. అప్పటిదాకా ఆయన మీద పెంచుకున్న కోపం ఏమైందో తెలియదు, నాకు ఏడుపు ఆగలేదు.

మామ నన్ను చూడలేదు. వాకిట్లో ఉన్న పిల్లలను ఒక్కొక్కరినీ దగ్గరికి లాక్కుని, తల, వీపు, భుజాలు తడిమారు. చిన్నోడి తెల్లటి స్కూలు చొక్కా మీద ఆయన అయిదు వేళ్లూ నల్లగా అంటుకున్నాయి.