బాపు అన్న మాట

ఇప్పుడు నేను పనిచేసే యూనివర్సిటీలో ఏటా కొత్త పిల్లలకు దొంగ ఈమెయిళ్ల గురించి చెప్పే పని నా నెత్తినే పడుతుంది. పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వొద్దు, కంగారు పెడితే నమ్మొద్దు అని గడగడా చెప్పేస్తాను. "తెలిసినవాళ్ల పేరుతో వచ్చినా, మాటతీరు తేడాగా ఉంటే నమ్మొద్దు" అనే దగ్గరికి వచ్చేసరికి నోరు ఎండిపోతుంది. పిల్లలు మంచినీళ్లు తెచ్చిస్తారు. తాగుతాను. వాళ్లకేం చెప్పను?

తొంభైలలో నేను పాలమూరులో ఉండి పీజీ చదివాను. కిరాయి బంగళాలో ఆడపిల్లల హాస్టల్, వార్డెన్ మేడం గదిలో ఒకే ఒక్క ఫోన్. నేను చేరిన ఏడాదే ఎవడో ఫోన్ చేసి, ఒకమ్మాయి తండ్రికి సీరియస్‌గా ఉందనీ, తీసుకెళ్లడానికి మనిషిని పంపుతున్నాననీ చెప్పాడు. మేడం నమ్మి పంపింది. తీరా చూస్తే ఆ తండ్రి ఇంటి దగ్గర నిక్షేపంగా ఉన్నాడు. పిల్ల దొరికింది గానీ మళ్లీ చదువుకు రాలేదు. ఆమె మంచం మీద పరుపు చుట్టినట్టే ఉండేది. ఆ గదిలో పడుకోవాలంటే మాకు భయం.

అప్పటినుంచి మేడం మనిషే మారిపోయింది. మమ్మల్ని ఒక్కొక్కరినీ పిలిచి, "ఇంట్ల మీ నాయిన్ని ఏమని పిలుస్తవ్?" అని అడిగి మనసులో పెట్టుకుంది. ఫోన్ చేసినవాళ్ల నోట ఆ మాట రావాలి, లేకపోతే పిల్లను పిలవదు. నేను "అబ్బా" అని చెప్పాను. ముసల్మానుల ఇల్లు, ఇంకేం చెబుతాను? ఆ ఏర్పాటు మాకెంత ధైర్యమిచ్చిందో! చాన్నాళ్లకు కంటినిండా నిద్రపోయాం.

కొత్తకోటలో మా అబ్బా బట్టలు కుట్టేవాడు. దుకాణం పక్కనే చాయ్ హోటల్. పొయ్యి పొగకు ఎప్పుడూ దగ్గుతుండే దాని యజమానిని కాకా అని పిలిచేదాన్ని. కాక మాకు చుట్టం కాదు, మతం కూడా వేరే. అయినా అబ్బా అంటే ఆయనకు ప్రాణం. కాకకు ఉర్దూ రాదు, అందుకని చిన్నప్పటినుంచీ ఆయన దగ్గర "మా బాపు చాయ్ తెమ్మన్నడు కాకా" అనేదాన్ని. ఇంట్లో అబ్బా, హోటల్లో బాపు. గడప దాటగానే మాట మారిపోతోందని నాకే తెలిసేది కాదు.

రెండో ఏడాది ఒకరోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర మేడం నన్ను చూసి నవ్వింది.

"పొద్దుగాల ఒకడు నీకోసం ఫోన్ జేసిండు. వాళ్ల బాపుకు పానం బాగలేదు, బిడ్డను జల్ది తోలుండ్రి అంటడు. ముసల్మానోళ్ల ఇండ్లల్ల బాపు అంటరా? టక్కున పెట్టేసిన. మల్ల జేసిండు, మల్ల పెట్టేసిన."

పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నా ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది.

"గొంతు ఎట్లుండె మేడం?"

"బొంగురు గొంతు. మాటమాటకు దగ్గుతుండె."

నన్ను చూసి మేడం నవ్వు ఆపేసింది. వెంటనే తనే నాతో బస్సెక్కింది. దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు. ఆమె మీద నాకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది, ఎవరో ఒకరి మీద దింపుకునేదాన్ని.

నేను పోయేసరికి అబ్బా ముఖం మీద తెల్లగుడ్డ కప్పి ఉంది.

మేడం తప్పయిందంటూ గడప దగ్గరే కూలబడింది. ఫోన్ పెట్టేసింది ఆమేనని గొంతు విని గుర్తుపట్టి కూడా, కాక చెంబుతో నీళ్లు తెచ్చి ఆమెకిచ్చాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

"నేనేం తప్పు మాట్లాడిన బిడ్డా?"

బాపు అన్నందుకేనని చెప్పాను.

"నువ్వు గట్లనే అంటవ్ గదా!" అన్నాడు.

కాక పోయి కూడా చాన్నాళ్లయింది. ఇప్పటికీ ఇంట్లో ఫోన్ మోగితే ముందు ఆ దగ్గే వినిపిస్తుంది. ఎత్తేదాకా నా ప్రాణం నాది కాదు. అయితే ఆ దగ్గుకన్నా, ఆ సాయంత్రం ఆయన చెప్పిన చివరి మాటే నన్ను వదలదు.

"మీ బాపు, 'ఫోన్ కలిసిందా' అని అడుగుతనే ఉండె బిడ్డా. కలిసింది, బస్సెక్కింది, వస్తాంది అని చెప్పిన."

ఆ రోజు మొత్తంలో కాక ఆడిన అబద్ధం అదొక్కటే. దాన్ని మా అబ్బా నమ్మాడు.