వదిన చెప్పిన మాట నేను మింగేశాను

ఈ మాట ఇన్నేళ్ళూ గొంతులో ముల్లులా పెట్టుకుని తిరిగాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మా అన్న భార్యకి గర్భసంచి కేన్సర్. అరకు నుంచి కొండ దిగి విశాఖలో ఆపరేషన్. డిగ్రీ చదివినదాన్ని, నోరున్నదాన్ని కనుక తోడు వెళ్ళాను. స్కానింగ్ దగ్గర పోట్లాడాను, మంచం కోసం పోట్లాడాను. మూత్రం ట్యూబు తీసిన మర్నాడు వదిన నా చెవిలో అంది:

"ఏటో మరదలా, ఒంటేలు వచ్చినట్టే తెలత్నేదే."

"నీకన్నీ వింతలే వదినా. నీళ్ళు తాగు, అదే తెలుస్తుంది."

కాసేపటికి పెద్ద డాక్టరు వచ్చాడు, వెనకాల గుంపుగా కుర్ర డాక్టర్లు. "మూత్రం వస్తున్నట్టు ఆవిడకి తెలుస్తోందా అమ్మా? ఈ ఆపరేషన్లో ఒక్కోసారి ఆ నరాలు దెబ్బతింటాయి" అని నన్నే అడిగాడు. వదిన నా వైపు చూసింది. ఊరందరితో వాదించే ఈ నోటికి, అంతమంది మగాళ్ళ ముందు ఆ ఒక్క మాట రాలేదు.

"తెలుస్తోంది సార్" అన్నాను.

సిగ్గా? సిగ్గే. త్వరగా ఇల్లు చేరాలన్న విసుగు కూడానా? కాదని ఒట్టు వెయ్యలేను. చదువుకున్నది చెబుతోంది కదా అని వదిన ఊరుకుంది.

ఇంటికొచ్చాక పొట్ట ఉబ్బి, చలిజ్వరం. మళ్ళీ పరుగెత్తాం. నరాల దెబ్బ ఆపరేషన్‌దే, కానీ ముందే తెలిసుంటే ట్యూబు ఉంచేవాళ్ళం, మూత్రసంచి ఇంతలా సాగిపోయేది కాదన్నాడు డాక్టరు.

"నానే సరిగ్గా సెప్పనేదు బాబూ" అంది వదిన. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

ఇప్పుడు చూడాలి ఆవిడని! సన్నటి ట్యూబు తనే పెట్టుకుని వేళకి మూత్రం తీసేసుకోవడం నేర్చుకుంది. కాఫీ పళ్ళు కోస్తూ ఎండ వంక చూసి వేళైందని పోల్చుకుని, "ఉండండే, నా సంచి కాళీ సేసొత్తాను. నా మీద సాడీలు అందాకా దాసుంచండి" అని కేకేసి, సబ్బూ నీళ్ళసీసా పట్టుకుని తుప్పల చాటుకు పోతుంది. ఆడవాళ్ళు పగలబడి నవ్వుతారు. ఎవరూ జాలిపడరు, పడనివ్వదు. పక్క ఊళ్ళో ఒకామెకి అదే ఆపరేషన్ అని తెలిసి, కొండెక్కి మరీ వెళ్ళింది, నన్ను వెంటేసుకుని.

"సిగ్గు పడక్కు. తెలకపోతే తెలత్నేదని డాక్టరుబాబుకే సెప్పు. నాను సెప్పక ఇలాగైపోనాను."

'నా మరదల్లాంటిదాన్ని నమ్ముకోకు' అని అనలేదు. తన మాట అర్థమయ్యే మింగేశానని ఆవిడకి తెలియదు.

వదినకి చెప్పలేదింకా. తిడుతుందని కాదు, నవ్వేసి వదిలేస్తుందేమోనని భయం. అంత చవగ్గా వదిలిపోకూడదిది. అందుకే ముందు ఇక్కడ రాస్తున్నాను: ఆవిడ చెప్పింది. సరిగ్గానే చెప్పింది. నాకు చెప్పింది.