నీళ్ళు తాగని ఆడపిల్లలు

నేను నాలుగో ఫారంలో, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతిలో చేరిన ఏడు, మా హైస్కూల్లో ఆడపిల్లలం పదకొండు మందిమి. ధర్మవరం తాలూకాలో ఒక పెద్ద ఊరి బడి అది. మగపిల్లలు బడి వెనక తుమ్మచెట్లలోకి పోయేవాళ్ళు. మాకు చాటన్నది లేదు. అందుకని పొద్దున సంగటి తిని బయలుదేరితే సాయంత్రం ఇల్లు చేరేదాకా నీళ్ళు ముట్టేవాళ్ళం కాదు. ఎవరూ చెప్పలేదు. పెద్ద పిల్లల్ని చూసి చిన్నవాళ్ళు నేర్చుకున్నారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడే మాది మంచి బడి అని పేరొచ్చింది. వార్షికోత్సవానికి పై అధికారి వస్తాడని పదిహేను రోజులు పాఠాలు మానిపించి మాచేత డ్రిల్లు చేయించారు. గోడలకు సున్నం కొట్టారు. ఆయన నిలబడి మాట్లాడడానికి సిమెంటు గద్దె కట్టించారు.

ఉత్సవం రోజున మధ్యాహ్నం నుంచే మమ్మల్ని ఎండలో నిలబెట్టారు. నా పక్కన నా స్నేహితురాలు. తలుపుల అనే ఊరి నుంచి వచ్చి మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేది. లెక్కల్లో ఆ పిల్లను మించినవాళ్ళు బడిలో లేరు. సర్కారు బడులు ఎంత బాగుపడ్డాయో అధికారి చెబుతుండగానే ఆ పిల్ల కూలబడిపోయింది.

హెడ్మాస్టరు పరుగెత్తుకొచ్చి, "పొద్దున ఏమీ తినలేదా?" అని కసిరాడు. అధికారి కూడా గద్దె దిగి వచ్చాడు.

"తినింది సార్. నీళ్ళే తాగలేదు. మేమెవరమూ తాగం" అన్నాను.

"ఎందుకు తాగరు?" అన్నాడు అధికారి.

"తాగితే యాడికి పోవల్ల సార్?"

ఆ పిల్లకు నీళ్ళు తాగించి నీడకు తీసుకుపోయాం. అధికారి మళ్ళీ గద్దె ఎక్కి, మిగిలిన ఉపన్యాసం పూర్తి చేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు నన్ను తరగతిలోకి రానివ్వలేదు. మీ నాయనను పిలుచుకుని రా అన్నారు. నాయన చేన్లో దున్నుతున్న మడక వదిలేసి, కాళ్ళకు మట్టితోనే వచ్చాడు.

"నీ కూతురు పెద్దల ముందర బడి పరువు తీసింది" అన్నాడు హెడ్మాస్టరు.

"అది మల్ల మాట్లాడుకుందాం సార్. ఈ ఆడబిడ్డలు యాడికి పోతారో రవంత చూపిస్తే చూసి పోతా."

"దరఖాస్తు పెట్టినామప్పా. మంజూరు రాలేదు."

"గద్దెకు వచ్చిండాది గదా సార్."

ఆ ఆదివారం నాయన, మా వీధివాళ్ళు ఇద్దరు బండి మీద రాతిబండలు తెచ్చి, బడి పక్కన మూడు వైపులా నిలబెట్టారు. నాలుగో వైపు తడిక కట్టారు. సోమవారం మేము కుండ అడుగంటేదాకా నీళ్ళు తాగాం.

కానీ అప్పటికే నా స్నేహితురాలు బడిలో లేదు. పదిమంది మగవాళ్ళ ముందు పడిపోయిన పిల్లకు ఇక చదువెందుకని మేనమామ ఆమెను తలుపులకు పంపేశాడు. ఏడాది తిరక్కుండా ఆ ఊళ్ళోనే పెళ్ళి చేశారు. తప్పు బడిది. శిక్ష ఆ పిల్లకు.

తర్వాతి ఉత్సవంలో హెడ్మాస్టరు నివేదిక చదువుతూ, బాలికలకు ప్రత్యేక సౌకర్యం కల్పించామన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాయన మాట ఎక్కడా రాలేదు. ఆయన పట్టించుకోలేదు గానీ నేను ఆ పూట అన్నం తినలేకపోయాను.

పెనుకొండలో ట్రైనింగు ముగించి హిందూపురంలో టీచరుగా చేరాక, ఒకసారి తలుపులకు వెళ్ళి ఆమెను చూశాను. ఇద్దరు బిడ్డల తల్లి. పెద్దపాపకు ఆరేళ్ళు.

"బడికి పంపుతాండావా?" అని అడిగాను.

"పంపుతాండా. ముందు నేను పోయి బడంతా చూసొచ్చినా" అంది.